గుర్తులు పెట్టిన బండ

పోయిన వారం మా పలమనేరు ఇంటి ప్రహరీ మీద ఎర్ర రంగుతో అంకె వేశారు. రోడ్డు వెడల్పు చేస్తారట. వాకిట్లోకి రాగానే ఆ తడి రంగు వాసన గుప్పుమంది. డబ్బా పట్టుకుని పక్కింటి గోడ దగ్గర నిలబడ్డ మనిషిని, "ఎవురినడిగి రాసినావప్పా?" అని నిలదీశాను. "రాయమన్నారు, రాసినాం మేడమ్. కొట్టేవాళ్ళు వేరే వస్తారు" అన్నాడు. ఇంకో రోజైతే అతన్ని అంత సులువుగా వదిలేదాన్ని కాదు. ఆ మాట విన్నాక కనకవల్లి మేడమ్ గుర్తొచ్చింది.

తిరుపతిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు భూగర్భశాస్త్రం చెప్పేది. కార్వేటినగరం మనిషి. పాఠం పుస్తక భాషలో మొదలుపెట్టి, కాస్త ఉత్సాహం రాగానే సొంత మాటలోకి దిగిపోయేది. నేనేమో ఏది చెప్పినా ఎదురు ప్రశ్న వేసే రకం. ఈ రాళ్ళు చదివి ఏం బాగుపడతామని మొదట్లోనే అడిగేశాను. "నువ్వు దేనిమీద నిలబడి నాతో కొట్లాడతా ఉండావో, అది యాడినుంచి వచ్చిందో తెలుసుకోవద్దా మే?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుకు ఉడుక్కునే నేను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

పలమనేరు దారిలో ఒక గుట్ట ఉండేది. ఆవిడ ప్రాణమంతా దానిమీదే. బూడిదరంగు బండ, దానిలో అక్కడక్కడా నల్లటి ముక్కలు, రెండింటినీ చీల్చుకుంటూ పోయిన గులాబీరంగు చారలు. మేమంతా గులాబీ రాయి అందంగా ఉందని దాని చుట్టూ మూగితే ఆవిడ విసుక్కుంది. "అది నిన్నటి పిల్ల. ముసిలోళ్ళను సూడండి ముందు." ఒక రాతిని చీల్చుకుంటూ పోయిన రాయి దాని తర్వాతే పుట్టి ఉండాలి. ఒక రాతి కడుపులో చిక్కుకున్న ముక్క దానికంటే ముందే ఉండి ఉండాలి. ఆ లెక్కన నల్ల ముక్కలు వయసులో అన్నిటికంటే పెద్దవి. భూమి ఇంకా ఉడుకుతున్న కాలంలో పైన గడ్డకట్టిన నల్లరాయి లోపలికి దిగి కరిగితే, అందులోని తేలిక భాగం పైకొచ్చి బూడిద రాయి అయిందని, అది మరోసారి కరిగితే గులాబీ గ్రానైట్ పుట్టిందని చెప్పింది.

"పాలు కాచినప్పుడు మీగడ తేలినట్టా మేడమ్?" అన్నాను.

"మీగడ ఒక పొద్దులో కడతాది. దీనికి కోట్ల కోట్ల ఏండ్లు పట్టినాయి. కానీ తేలిందనేది నిజమే. తేలకపోయుంటే మనకు నేలే లేదు, అంతా సముద్రమే."

"ఆ నల్ల ముక్క భూమి మొదటి కాలం నాటిదేనని రుజువేముంది?"

"లేదు" అంది వెంటనే. "అనుమానం ఉండాది, అంతే. వయసు కట్టే యంత్రాలు మనకాడ లేవు గదా."

ఆ అనుమానాన్ని ఆవిడ ఏళ్ళ తరబడి మోసింది. నేను చదువు ముగించి పలమనేరులో లెక్చరర్‌గా చేరాక, ఎట్టకేలకు బెంగళూరు నుంచి రాళ్ళ వయసు కట్టే ఒక పెద్దాయన వచ్చి చూస్తానన్నాడు. నిజమనిపిస్తే గుట్టను కాపాడమని తనే ప్రభుత్వానికి రాస్తానన్నాడు. గుట్ట అవతలి వైపు అప్పటికే క్వారీ నడుస్తోంది, అందుకే ఆవిడకు తొందర. సుద్దతో గీసిన గుర్తులు వానకు పోతున్నాయని, మంచి నల్ల ముక్కలున్న చోటల్లా ఎర్ర రంగుతో గీతలు గీసి వచ్చింది. వచ్చినాయన వెతుక్కోవలసిన పని ఉండకూడదని ఆవిడ తాపత్రయం.

ఆయన్ను తీసుకుని మేము వెళ్ళేసరికి ఆ బండల్లేవు. నున్నగా కోసిన గోడ, దాని కింద నీళ్ళ మడుగు. క్వారీ మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"గుర్తులుండే బండలా అమ్మా? అవే ముందు తీసేసినాం."

క్వారీలో ఎర్ర గీత అంటే ఇక్కడ కోయమని. మా మేడమ్ గీతల్ని వాళ్ళు ఓనరు గీతలనుకున్నారు.

"ఆ రాళ్ళు యాడప్పా ఇప్పుడు?" అంది ఆవిడ.

"నల్ల మచ్చలుండే రాయి ఎవురు కొంటారమ్మా? పగలగొట్టి కంకరకు తోలేసినాం. ఇట్లాంటిదానికి గుర్తెందుకు పెట్టినారో అని మేమూ అనుకుంటిమి."

నేను ఊరుకుంటానా? మీ ఓనరును పిలుస్తావా, పోలీసుల్ని పిలవమంటావా అని అతని మీద విరుచుకుపడ్డాను. మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "ఆయప్పనెందుకు అంటావు మే? సదివినాడు, సేసినాడు. రాసింది నేను."

కాలేజీ బీరువాలోనైనా ఒక ముక్క లేదు. ఆ బండమీద సుత్తి వెయ్యనిచ్చేది కాదు ఆవిడ. పెద్దాయన మిగిలిన గోడంతా ఓపిగ్గా తిరిగి చూశాడు. గులాబీ రాయి తప్ప ఏమీ దొరకలేదు. కారెక్కబోతూ ఆవిడకు నమస్కారం పెట్టి, "మీరన్న రాయి ఉండే ఉంటుందండీ" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆవిడ ముఖం వాడిపోయింది ఆ మాటకే.

ఆవిడ రిటైరై కార్వేటినగరం వెళ్ళిపోయాక ఒకసారి చూడబోయాను. వేరే గుట్టలు లేవా మేడమ్, వెతుకుదాం రండి అని పోరాను. "ఉంటాయిలే పాపా, నువ్వు పో. నేనొస్తే మళ్ళా గుర్తు పెట్టాలనిపిస్తాది" అంది, నవ్వుతూనే. నేను లేచి వచ్చేశాను. తర్వాత ఎక్కువ కాలం బతకలేదు ఆవిడ. అన్నిటికీ వాదించిన నేను ఆవిడ దగ్గర నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. గెలిచి తీరాల్సిన వాదన కూడా అదొక్కటే.

ఇప్పుడు మా కాలేజీ పిల్లల్ని ఈ చుట్టుపక్కల గుట్టలకు తీసుకెళ్తాను. బూడిద బండలో నల్ల ముక్క కనపడితే దానిమీద అరచెయ్యి ఆనించి, దీన్ని చూడండి అంటాను. "గుర్తు పెడదాం మేడమ్, సున్నమన్నా పూద్దాం" అంటారు. వద్దంటాను. చెయ్యి తీస్తే బండ బండలాగే ఉంటుంది. మరుసటేడు వెళ్ళి వెతికితే కొన్ని దొరకవు. ఎవరైనా కోసుకుపోయారో, నేనే దారి తప్పానో తెలియదు. పిల్లలు ఎండలో నిలబడి నావైపు చూస్తుంటే, ఇంకో గుట్ట చూపించి అటు నడుస్తాను.