కుప్పంలో ఇద్దరు శ్రోతలు

మదనపల్లెలో మా ఇంటి నుంచి పుంగనూరులో నేను పాఠాలు చెప్పే హైస్కూలుకి రోజూ బస్సులో వెళ్లి వస్తాను. ఎక్కగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాను. అలా అలవాటైంది ఆ పాడ్‌కాస్ట్. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే ఇద్దరు తెలుగమ్మాయిలు వారానికోసారి ఏదో ఒకటి మాట్లాడుకుని పెడతారు. నెలలో ఒక ఎపిసోడ్ మాత్రం పూర్తిగా శ్రోతలదే. మనం ఫోన్‌లో మాట్లాడి పంపిన వాయిస్ మెసేజీలను వరసగా వినిపిస్తారు. పేర్లు చెప్పరు. "మదనపల్లె నుంచి ఒక శ్రోత", "పుంగనూరు నుంచి ఒక శ్రోత" అంటారు, అంతే.

ఎన్నికలు అయిపోయిన కొత్తలో వాళ్లు మూడు ప్రశ్నలు అడిగారు. ఓటు ఎవరికి వేశారో వద్దు, ఎలా నిర్ణయించుకున్నారో చెప్పండి. ఈ మధ్య మిమ్మల్ని వదలకుండా పట్టుకున్న సినిమాగానీ పాటగానీ ఏది? మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది, ఎందుకు?

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. మొదట ఎన్నికల జవాబులు వినిపించారు. "కుప్పం నుంచి ఒక శ్రోత" అనగానే ఒక ఆడగొంతు, నవ్వుతూ మొదలుపెట్టింది.

"నాకు ఈ ఓటు గోలంతా తెలీదమ్మా. మా అత్త ఏది సెప్తే దానికి నొక్కేసి వస్తాను. ఆయమ్మదొక మాట, నాదొక మాట అయితే ఇంట్లో బాగుంటుందా? యాల వచ్చిన తలనొప్పి?"

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకు ముందే పెద్దతిప్పసముద్రం వైపు ఒక పల్లెలో పోలింగ్ డ్యూటీ చేసి వచ్చాను. నడవలేని ఒక పెద్దాయన ఇద్దరి భుజాల మీద చేతులు వేసి వచ్చి, వేలికి సిరా పెట్టించుకుని, బయటికి పోయేంతవరకూ ఆ వేలినే చూసుకున్నాడు. ఆయన నా కళ్లలోంచి ఇంకా పోలేదు. ఈమె చూస్తే నొక్కేసి వస్తానంటోంది, అదీ నవ్వుతూ.

చివరికి పుస్తకాల జవాబులు వచ్చాయి. మళ్లీ "కుప్పం నుంచి ఒక శ్రోత" అన్నారు. ఈసారి గొంతు నెమ్మదిగా, ఒక్కో మాటా కూర్చినట్టు ఉంది.

"నాకు నచ్చిన నవలకు చివరి పుటలు లేవు. మా ఊరి గ్రంథాలయంలో తీసుకున్నాను. ఎవరో చింపుకుపోయారు. మొదట బాధ కలిగింది. ఆ తరువాత, అందులోని స్త్రీ ఏం చేసి ఉంటుందో నేనే ఆలోచించడం మొదలుపెట్టాను. ఇప్పటికి చాలా ముగింపులు అల్లుకున్నాను. ఆ నవల చదివినవారెవరైనా ఉంటే దయచేసి నాకు ముగింపు చెప్పవద్దు. నా తరఫున ఇంకొకరు నిర్ణయించడం నాకు ఇష్టం లేదు."

బస్సు పుంగనూరు స్టాండులో ఆగినా నేను లేవలేదు. కండక్టరు "మేడం, దిగరా?" అన్నాక లేచాను. ఆ గొంతు నాకు అంత నచ్చింది. కుప్పంలో ఇద్దరు వింటున్నారు, ఒకామె తెలివైనది, ఒకామె కాదు అని నాలో నేను తీర్మానించేసుకున్నాను.

ఆ సాయంత్రం రెండు మెసేజీలు పంపాను. పుస్తకం ఆమెకి, ఆ నవల పేరు చెప్పమనీ, నేను చదివినా ముగింపు చెప్పననీ. ఓటు ఆమెకి, క్లాసులో అల్లరి చేసేవాళ్లతో మాట్లాడే గొంతుతో కొంచెం గట్టిగానే. "మీ ఓటు మీ అత్తగారిది కాదు. చదువుకున్నవాళ్లే ఇలా మాట్లాడితే ఎలా?" అన్నాను. ఆమె చదువుకున్నదో లేదో నాకు తెలియదు. ఆ మాట ఎందుకన్నానో కూడా తెలియదు.

పై నెల రెండూ వినిపించారు. ఆ అమ్మాయిలకు ముచ్చటేసింది. "మదనపల్లె, పుంగనూరు, కుప్పం శ్రోతలు ఎక్కువగా పలుకుతున్నారు. అందరూ ఒకచోట కలిసి మాట్లాడుకుని రికార్డు చేసి పంపకూడదా?" అన్నారు. పుంగనూరులో బట్టల దుకాణం ఉన్న ఒక సాయిబుగారు, మా దుకాణం మేడ మీద గది ఉంది, రండి అని మెసేజీ పెట్టాడు. ఆయన గొంతు నాకు పరిచయమే. సినిమా పాటల ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయనే మాట్లాడతాడు, మాట్లాడుతూ మధ్యలో పాడేస్తాడు.

ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. చీరల కట్టల మధ్య నుంచి సన్నటి మెట్లెక్కితే పైన చిన్న గది. సాయిబుగారిది తెల్ల గడ్డం, కళ్లద్దాలు, నవ్వు మొహం. "రా టీచరమ్మా, కూర్చో. చాయ్ తెప్పిస్తాండాను" అన్నాడు. చాప మీద అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. పూల చీర, పక్కన చేతిసంచి. కుప్పం నుంచి పలమనేరు మీదుగా వచ్చిందట.

నమస్కారాలయ్యాక నేను ఉండబట్టలేక అడిగాను.

"మీరు ఆ ఇద్దరిలో ఎవరు?"

"ఏ ఇద్దరు?"

"కుప్పం నుంచి ఇద్దరు మాట్లాడతారు కదా. పుస్తకం గురించి ఒకరు, ఓటు గురించి ఒకరు."

ఆమె నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. "ఇద్దరు యాడుండారు? రెండూ నేనే" అంది.

నేను నమ్మలేదు. గొంతు వేరు కదా అన్నాను. "పుస్తకం గురించి మాట్లాడాలంటే పుస్తకం మాదిరి మాట్లాడాలనుకున్నాను మేడం. రాసుకుని సదివినాను. ఓటు గురించి అయితే ఏముంది, పొయ్యి కాడ నిలబడి మాట్లాడేసినాను" అంది. ఆ తర్వాత నా గొంతు గుర్తుపట్టి, "నన్ను తిట్టింది మీరే గదా? మీరు టీచరని అనుకోలేదు. పోలీసు డిపార్టుమెంటేమో అనుకున్నాను" అంది.

సాయిబుగారు పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం ఏ మొహం పెట్టుకోవాలో తెలియలేదు. నాకు ఎంతో నచ్చిన మనిషీ, నేను మెసేజీలో తిట్టిన మనిషీ ఒకే చాప మీద, ఒకే చీరలో కూర్చుని చాయ్ తాగుతోంది. క్షమాపణ చెబితే ఓటు ఆమె ఒప్పు అన్నట్టు అవుతుంది. చెప్పకపోతే పుస్తకం ఆమె ముందు సిగ్గు. రికార్డింగ్ మొదలయ్యాక ఆయన పాటల గురించి, నటుల గురించి చెబుతూ పోయాడు. నేను ఆమె వైపే చూస్తూ ఉండిపోయాను.

చివరికి అడిగేశాను. "నవలకి ముగింపు కూడా ఎవరూ చెప్పకూడదన్నారే. మరి ఓటు?"

ఆమె ఫోన్‌లో రికార్డింగ్ ఆపమని సాయిబుగారికి సైగ చేసింది.

"మా అత్తకి కండ్లు కనపడవు మేడం. చూపు పోయి శానా ఏండ్లయింది. బూతులోకి తోడు నేనే పోతాను. ఆయమ్మ ఓటు నేనే నొక్కాల. నేను ఏది నొక్కినానో ఆయమ్మకి ఎట్లా తెలుస్తాది? నా మాట నమ్మాల, అంతే. కోడలు తన ఇష్టం నాకు కూడా నొక్కేసిందేమో అని ఎప్పుడైనా అనుకుంటే? అందుకే, అత్తా, నువ్వు ఏది సెప్తే ఇద్దరికీ అదే, నాకు వేరే ఇష్టమే లేదు అని సెప్పేసినాను. నాకు ఇష్టమే లేకపోతే మోసం యాడ నుంచి వస్తాది?"

పోలింగ్ కేంద్రంలో అలా తోడు వచ్చేవాళ్ల చేత సంతకాలు పెట్టించుకున్నదాన్ని నేనే. అవతలి మనిషి చెప్పినదే నొక్కారా అని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఆమె చేసింది మంచి పనా, పిచ్చి పనా? ఒకరి ఓటు నిజంగా ఉండడానికి ఇంకొకరు తన ఓటు వదులుకోవాలా? ఆ మాటే పైకి అన్నాను. "తెలీదు మేడం. మీరే సెప్పండి, మీరు సదువు సెప్పేవాళ్లు గదా" అంది. నిజంగానే అడిగింది, ఎత్తిపొడుపు కాదు. సాయిబుగారు గడ్డం నిమురుకుంటూ, "నాకు పాటలే నయమమ్మా" అన్నాడు.

ఆ తర్వాత మేమిద్దరం ఫోన్‌లో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. నవల పేరు చెప్పింది. నేను చదవలేదు, చదవనని మాటిచ్చాను. ఒకసారి ఇంటికి రమ్మంటే సెలవు రోజున కుప్పం వెళ్లాను. రైల్వే స్టేషనుకి దగ్గరలో రెండు గదుల ఇల్లు. భర్త రోజూ రైల్లో బెంగళూరు పోయి వస్తాడట, ఆ రోజు కూడా పనికి వెళ్లాడు. వాకిట్లో వాళ్ల అత్త అనపకాయలు ఒలుస్తూ కూర్చుంది. కళ్లు లేకపోయినా చేతులు చకచకా ఆడుతున్నాయి.

స్నేహితురాలు పాలు తేవడానికి అంగడికి వెళ్లింది. పెద్దామె నా గాజుల చప్పుడు వైపు మొహం తిప్పింది.

"పుంగనూరు అయివారమ్మవా? ఓటు ఇసయం మాట్లాడి కోడల్ని తిట్టింది నువ్వే గదా?"

"నేనేనమ్మా" అన్నాను. నేనూ అనపకాయలు చేతిలోకి తీసుకున్నాను.

"తిట్టినావులే, ఏం కాదు. కోడలు ఏమనుకుంటాదంటే, నేను సెప్తాండానని. నాకేం తెలుసమ్మా? నేను సదువుకున్న్యానా, పేపరు సూస్తానా? ఆ పిల్ల సదువుకొనింది. దానికి ఒక ఇష్టం లేకుండా ఉంటాదా? అడిగితే సెప్పదు. అందుకని ఇంటాంటాను."

"ఏం వింటారు?"

ఆమె గొంతు తగ్గించింది. "ఎలచ్చన్ల దినాల్లో సాయంత్రం టీవీలో వార్తలు పెడ్తాది. అప్పుడు వంటింట్లో ఉంటాది. ఒక పార్టీవాళ్లు మాట్లాడేటప్పుడు గిన్నెలు దబాదబా పెడ్తాది. ఇంకో పార్టీవాళ్లు మాట్లాడేటప్పుడు నిమ్మళంగా ఉంటాది. ఏ పార్టీకి గిన్నెల సప్పుడు రాదో దానికే ఎయ్యమని సెప్తాను. అది సంతోషంగా ఏసి వస్తాది. ఈ మాట దానికి సెప్పొద్దు."

నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. కోడలు అత్త కోసం తనకు ఏ ఇష్టమూ లేదనుకుంటోంది. అత్త ఆ ఇష్టాన్నే గిన్నెల్లో వెతికి, తన మాటగా కోడలికి తిరిగి ఇస్తోంది. ఇంతలో పాల ప్యాకెట్టుతో స్నేహితురాలు వచ్చింది. "ఏం మాట్లాడుకుంటాండారు?" అంటే, "అనపకాయలు ఈ ఏడు ధర ఎక్కువంట" అంది పెద్దామె, మొహంలో ఏ మార్పూ లేకుండా. కాఫీ తాగాం. రాగిముద్ద, అనపగింజల పులుసు తిన్నాం. బస్సెక్కే వరకూ నేను ఏ మాట మాట్లాడినా తడబడుతూనే ఉన్నాను.

చెప్పొద్దని ఆ పెద్దామె నన్ను నమ్మింది. చెప్పకపోతే స్నేహితురాలు అత్తకు లేని ఇష్టం ఉందనుకుంటూ, తనకు ఉన్నది లేదనుకుంటూ బతుకుతుంది. కొన్నాళ్లు ఊరుకున్నాను. తర్వాత ఒకరోజు ఫోన్‌లో నవలకి ఆమె కొత్తగా అల్లిన ముగింపు చెబుతుంటే, ఉండబట్టలేక చెప్పేశాను. గిన్నెలతో సహా.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"మేడం" అంది. "ఆ టైములోనే మాకు కుళాయి నీళ్లు వస్తాయి. వచ్చినాయంటే బిందెలు, గిన్నెలు అన్నీ గబగబా పట్టుకోవాల. టీవీలో ఎవురు మాట్లాడతాండారో నాకెట్ల తెలుస్తాది?"

"అంటే ఏ పార్టీ మీదా మీకు కోపం లేదా?"

"ఉండాది. శానా ఉండాది" అంది. ఏ పార్టీ మీద అని నేను అడగలేదు. అడిగే ధైర్యం చాల్లేదు. తర్వాత ఆమే, "మరి ఇన్నాళ్లూ మా ఓట్లు ఎవురు ఏసినట్టు మేడం?" అంది.

ఇద్దరం నవ్వబోయాం కానీ నవ్వు పూర్తిగా రాలేదు. అత్తని అడుగుతావా అంటే, "యాల అడిగేది? నేను సంతోషంగా ఉండాలనే గదా ఆయమ్మ అట్ల ఇంటాండేది. ఆ మాట అడిగి పోగొట్టుకోవాల్నా?" అంది. మళ్లీ వెంటనే, "అడగాలేమో గదా?" అని నన్నే అడిగింది. నేను అవునన్నాను. తర్వాత కాదేమో అన్నాను.

"సరే, మీరు సెప్పండి. మీరు ఎట్ల ఎంచుకుంటిరి?"

చెప్పబోయాను. డ్యూటీ కాబట్టి పోస్టల్ బ్యాలెట్ వేశాను. వేసేముందు బాగా ఆలోచించాననే గుర్తు. కానీ ఏం ఆలోచించానని వెతుక్కుంటే, మా స్టాఫ్‌రూమ్‌లో ఒక సారు తన పార్టీ గురించి రోజూ అన్నం తింటూ గట్టిగా వాదించడం, ఆయన గొంతు వినలేక నేను టిఫిన్ డబ్బా తీసుకుని వరండాలోకి పోవడం, అదే కళ్ల ముందుకొచ్చింది. నేను ఓటేసింది ఆయన పార్టీకి కాదు. దాని వెనక ఇంకేదో ఉండే ఉంటుంది, అది మాత్రం చేతికి అందలేదు.

"ఏం మేడం, లైన్లో ఉండారా?"

"ఉన్నాను" అన్నాను.

"తొందరేం లేదు. ఆలోసన సేసి సెప్పండి" అని, ఆమె ఆ నవలలోని స్త్రీ దగ్గరికి తిరిగి వెళ్లింది. ఈసారి ముగింపులో ఆమె ఊరు వదిలి పోదట, అక్కడే అంగడి పెట్టుకుంటుందట. నేను ఊకొడుతూ విన్నాను. ఆమె అడిగినదానికి మాత్రం ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.