మరులుతీగ తొక్కిన రోజు

నా చిన్నప్పుడు వీపుకు మూట కట్టుకుని అడవిలో నడవడాన్ని ఎవరూ సరదా అనేవాళ్ళు కాదు. గతిలేక నడిచేవాళ్ళు. ఇప్పుడు మా కూతురు బెంగళూరులో ఐదు రోజులు ఆఫీసులో కూర్చుని, శనివారం వచ్చిందంటే ఒక పెద్ద సంచీ వీపున తగిలించుకుని కొండలకు పోతుంది. మొన్న మదనపల్లెలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సంచీని నాకు తగిలించి, ఫోటో తీసి, "ఇదే నీ ఫస్ట్ ట్రెక్" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా మొదటి నడక తొమ్మిదో ఏటనే అయిపోయింది. ఒక శనివారం బయలుదేరి ఆదివారం చేరాం. ఆ రెండు రోజుల్లో మా అమ్మా నాయనా విడిపోతారేమోనన్న భయం నా మూట కంటే బరువుగా ఉండింది.

మా ఊరు కుప్పం దగ్గర, అడవి అంచున. మా అమ్మ పుట్టిల్లు కొండల అవతల, పుంగనూరు వైపు. ఆ ఏడు ఎండాకాలంలో మా ఇంట్లో చంటిబిడ్డ పోయాడు. నా తమ్ముడు. ఇంకా బోర్లా పడడం కూడా సరిగా రాలేదు వాడికి. జ్వరం వచ్చిన రోజు మా నాయన ఎద్దుల కోసం పుంగనూరు సంతకు పోయి ఉన్నాడు. మా అమ్మ పసరు పోసి, తగ్గుతుందిలే అని చూసింది. ఆయన తిరిగొచ్చి బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తేసరికి ఆలస్యమైపోయింది. అంతే జరిగింది. ఆ తరువాత మా ఇంట్లో మాట్లాడుకోవడం ఆగిపోయింది. అమ్మ వడ్డించేది, నాయన తినేవాడు, నేను ఇద్దరి ముఖాలూ చూస్తూ కూర్చునేదాన్ని.

వానాకాలం మొదలయ్యాక ఒకరోజు అమ్మ, "నేను మా అమ్మగారింటికి పోతాను" అంది. ఎన్నాళ్ళకు అని నాయన అడగలేదు. అడగకపోవడమే నన్ను భయపెట్టింది. నన్ను ఎవరి దగ్గర ఉంచుతారో ఇద్దరూ చెప్పలేదు. బస్సులో పోవడానికి మాత్రం అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. కుప్పం బస్టాండులోనూ పలమనేరులోనూ అందరూ తెలిసినవాళ్ళే, ఎవరో ఒకరు బిడ్డ ఏడమ్మా అని అడుగుతారు. ఆ మాటకు జవాబు చెప్పే శక్తి ఆమెకు లేదు.

అప్పుడు మా అవ్వ, అంటే మా నాయన తల్లి, అడవి దోవన పోదాం అంది. తన అక్కను కొండల అవతలి ఊరికే ఇచ్చారు కాబట్టి, వయసులో ఉన్నప్పుడు ఆమె ఆ దోవన ఎన్నోసార్లు నడిచింది. యూరియా సంచులు ఉతికి, పాత చీర అంచులతో పట్టీలు కుట్టి, తలా ఒక మూట వీపుకు తగిలించింది. రాగిసంగటి ముద్దలు, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, బెల్లం, దుప్పట్లు, రెండు సొరకాయ బుర్రల్లో నీళ్ళు. నా మూటలో నా బట్టలన్నీ పెట్టారు. రెండు రోజులకు అన్ని బట్టలెందుకని నేను అడగలేదు. నాకు తెలుసు.

శనివారమంతా ఎక్కడమే. బండల మధ్య సందుల్లో చేతులతో పట్టుకుని పాకాం. ముళ్ళపొదలు మూటను వెనక్కి లాగేవి. భుజాల మీద పట్టీలు ఒరుసుకుని మంట. అవ్వ ముందు, ఆమె వెనుక అమ్మ, తరువాత నేను, చివర నాయన. అమ్మకూ నాయనకూ మధ్య నడిచేది నేనే కాబట్టి వాళ్ళ మాటలు కూడా నా మీదుగానే పోయేవి. "ఆ రాయి కదల్తాండాది, సూసుకోమను మీయమ్మను" అనేవాడు నాయన. ఆమె అక్కడే ఉంది, ఆమెకు చెవులున్నాయి. అయినా నేను అప్పజెప్పాలి. పొద్దు గుంకే వేళకు గొర్రెల కాపర్ల మంద దగ్గరికి చేరి, వాళ్ళు తలదాచుకునే బండ కిందనే పడుకున్నాం. నేను పడుకోగానే నిద్రపోయాను.

తెల్లారి లేచేసరికి గట్టి వాన కురిసి ఆగిపోయి ఉంది. నేలంతా కొట్టుకుపోయి, దోవ ఏదో, వాన నీరు పారిన చాలు ఏదో తెలియడం లేదు. కాపర్లు చెయ్యి చూపించిన దిక్కుకు నడిచాం. కొంతసేపటికి వెదురు పొదల మధ్య మంచి వెడల్పాటి దోవ ఒకటి కనబడింది. కొమ్మలు విరిగిపోయి, గడ్డి అణగిపోయి, బండి పోయేంత శుభ్రంగా ఉంది. అవ్వ సంతోషంగా దాంట్లోకి తిరిగింది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నడిచాం. ఆ దోవ తీసుకెళ్ళి మమ్మల్ని ఒక బురద మడుగులో వదిలేసింది. అవతల ఇంకేమీ లేదు. చుట్టూ కొండలు, ఎటు చూసినా ఒకే మాదిరి. ఒక బుర్రలో నీళ్ళు అయిపోయాయి.

నాయన మూటను నేలకేసి కొట్టాడు. "బస్సులో పోయింటే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్ళం. ఎవరి వల్ల వచ్చిందీ తంటా" అన్నాడు. ఈసారి నా మీదుగా కాదు, నేరుగా అమ్మతోనే అన్నాడు.

అమ్మ తిరిగి నిలబడింది. "నా వల్లే. అన్నీ నా వల్లే. బిడ్డ గూడా నా వల్లే పోయినాడు, అదిగూడా అనెయ్" అంది.

"నేను అన్లేదే ఆ మాట."

"అనకుండానే మూణ్ణెల్లుగా అంటాండావు. నువ్వు ఆ పొద్దు యాడుండావు? ఎద్దులు ముఖ్యమా నీకు?"

బిడ్డ పేరెత్తడం అదే మొదలు. ఇద్దరూ అరిచారు. నేను అంతకుముందు వినని మాటలు విన్నాను, వాటిని ఇక్కడ రాయను. నాకు ఏడుపు కూడా రాలేదు. ఈ అడవిలో నుంచి బయటపడినా వీళ్ళిద్దరూ ఇక ఒక ఇంట్లో ఉండరని మాత్రం గట్టిగా తెలిసిపోయింది.

అవ్వ ఆ బురద దగ్గర వంగి ఏదో చూస్తూ ఉండింది. లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, చాలా మామూలుగా చెప్పింది. "అరవగాకండి. ఎవరి వల్లా కాదు. మరులుతీగ తొక్కినాం."

మరులుతీగ గురించి మా వైపు అందరికీ తెలుసు. అడవిలో ఎక్కడో ఆకుల మధ్య ఉంటుందని, అది కాలికి తగిలితే తెలిసిన దోవ కూడా మరిచిపోయి తిరిగిన చోటనే తిరుగుతామని చెప్పేవాళ్ళు. తొక్కితే ఏం చెయ్యాలో కూడా అవ్వ చెప్పింది. "నోరు మెదపగూడదు. ఎత్తుగా ఉండే బండ మీదికెక్కి, మూటలు దించి, ఏదన్నా తినల్ల. కుడి చెప్పు ఎడమకు, ఎడమది కుడికి మార్చుకోవల్ల. అప్పుడు ఇడస్తాది."

"ఎవరు తొక్కినారు?" అన్నాడు నాయన.

"అది మటుకు అడగగూడదు నాయనా. అడిగితే తీగ ఇంకా బిగిస్తాది."

మడుగు పక్కనే ఒక పెద్ద బండ ఉంటే ముందు నన్ను ఎక్కించింది దాని మీదికి. నిట్రంగా ఉంది, ఎక్కడానికి చాలా కష్టపడ్డాం. పైన కూర్చుని సంగటి ముద్ద విప్పింది. ఒకే ముద్దను విరిచి నలుగురికీ పెట్టింది. నమ్మారో లేదో గానీ మా అమ్మా నాయనా నోరు మూసుకుని తిన్నారు. ఆకలి అట్లాంటిది.

తిన్నాక చెప్పులు మార్చుకోమంది అవ్వ. అమ్మ కదల్లేదు. అప్పుడు చూశాం, బురద అంటిన ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. పొద్దున ఎప్పుడో ఒక చెప్పు ఉంగటం తెగిపోతే రెండూ పారేసిందట. ఒక్క మాట చెప్పకుండా వట్టి కాళ్ళతో నడుస్తోంది. ఎడమ పాదంలో ముల్లు లోపలికి దిగి విరిగిపోయి, చుట్టూ నల్లగా అయింది. నాయన కొంతసేపు ఆ పాదం వైపే చూశాడు. తరువాత దగ్గరికి జరిగి, దాన్ని తన ఒడిలో పెట్టుకుని, అవ్వ దగ్గర పిన్నీసు తీసుకుని ముల్లు తీయడం మొదలుపెట్టాడు. అంత నిదానంగా ఆయన ఏ పని చేయడమూ నేను చూడలేదు. ముల్లు బయటికి వచ్చాక కూడా పాదం వదల్లేదు. తలవంచుకునే అన్నాడు, "నేను ఆ పొద్దు సంతలో నిలబడకుండా వచ్చేసింటే..."

అమ్మ ఆయన భుజం మీద చెయ్యి పెట్టి, "వద్దు. అడగగూడదంట గదా" అంది.

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. బిడ్డను మట్టిలో పెట్టిన రోజు వేరువేరుగా ఏడ్చినవాళ్ళు, ఆ బండ మీద కలిసి ఏడ్చారు. అవ్వ నన్ను తన వైపు తిప్పుకుని, నా చెప్పులు మార్చి తొడిగింది. ఏడుపు తగ్గి అందరూ ఊరకున్నాక, దూరంగా మేకల మెడగంటలు వినబడ్డాయి. అవి ఎప్పటి నుంచి మోగుతున్నాయో ఏమో, అరుపుల్లో మాకు వినబడలేదు. ఆ చప్పుడు పట్టుకుని దిగాం. నాయన చెప్పులు అమ్మ వేసుకుంది, ఆయన వట్టి కాళ్ళతో నడిచాడు. సాయంత్రానికి అమ్మమ్మ ఊరు చేరాం.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెబితే అబద్ధమవుతుంది. అమ్మ అక్కడే ఉండిపోయింది, నేనూ ఆమెతోనే ఉన్నాను. నాయన ప్రతి వారం బస్సెక్కి వచ్చి, వాకిట్లో కూర్చుని, టీ తాగి వెళ్ళేవాడు. చెనక్కాయలు పీకే కాలానికి అమ్మ తనంతట తానే మూట కట్టింది. ఇంటికొచ్చాక కూడా చాలా ఏళ్ళు, ఎవరి చంటిబిడ్డ ఏడుపు వినబడినా ఆమె చేస్తున్న పని వదిలేసి లోపలికి వెళ్ళిపోయేది. అట్లాంటప్పుడు నాయన ఏమీ అనకుండా ఆ పని అందుకునేవాడు. ఆ బిడ్డ ఎవరి వల్ల పోయాడన్న మాట మాత్రం మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

నాకు పెళ్ళయి, ఈ కూతురు పుట్టి, మాటలు నేర్చిన తరువాత ఒకసారి అవ్వను అడిగాను, మరులుతీగ ఎట్లా ఉంటుందో మా పాపకు చూపించమని. అవ్వ అప్పటికి బాగా ముసలిదైపోయింది. నోట్లో వక్కాకు పక్కకు తోసి నవ్వింది.

"నేను సూసింటే గదమ్మా సూపించేదానికి."

ఆ రోజు మేము పోయింది మనుషుల దోవ కాదట, ఏనుగులు తొక్కిన దోవ. తమిళనాడు వైపు నుంచి మా అడవుల్లోకి ఏనుగులు దిగడం అప్పుడప్పుడే మొదలైంది. మా పెద్దవాళ్ళకు వాటి దోవలు తెలియవు, శుభ్రంగా కనబడితే బండ్ల దోవే అనుకున్నారు. ఆ మడుగు పక్కన ఏనుగు పేడ ఇంకా పొగలు కక్కుతోందట. "నాకు దోవ తెలీదు, కాళ్ళు సూస్తే ఒణకతాండాయి. ఆళ్ళు సూస్తే ఏనుగులకు ఇనపడేటట్టు అరస్తాండారు. నేను భయపడినానని చెప్తే ఇంకా అరుస్తారు. ఒక బిడ్డను పోగొట్టుకున్నోళ్ళు, నిన్ను గూడా ఆడ పోగొట్టుకుంటారేమో అని నోటికొచ్చింది చెప్పినా." ఎవరు తొక్కారో అడగకూడదన్న నియమం ఎక్కడిదని అడిగాను. అది కూడా అప్పుడే నోటికొచ్చిందట.

అవ్వకు అంతా తెలుసనుకుని, ఆమె చెయ్యి పట్టుకుని ఆ రోజు నేను ధైర్యంగా ఉన్నాను. ఆ చెయ్యి వణకలేదని ఒట్టేసి చెప్పగలను.

తరువాత నా సంసారంలోనూ చెడ్డ రోజులు వచ్చాయి. ఎవరి వల్ల అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అప్పుడు నేను చేసేది ఒకటే. పొయ్యి వెలిగించి, ఉన్నదేదో వండి, కోపంగా ఉన్నవాళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టి పెడతాను, నేనూ వాళ్ళ పక్కనే కూర్చుని తింటాను. తిన్నాక కూడా అడగాల్సి వచ్చిన సందర్భాలు ఉన్నాయి, లేవని చెప్పను. కానీ అప్పటికి నా గొంతు తగ్గి ఉండేది, ఎదుటివాళ్ళు ఏం చెబుతున్నారో నాకు వినబడేది.