‘వస్తోందండి’ అనే బటన్

రామచంద్రపురంలో ఒక కంటి ఆసుపత్రికి పైథాన్‌లో టోకెన్ల ప్రోగ్రాం రాసిచ్చాను. లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నేర్చుకున్న విద్య. విండోలో ఒకటే బటన్. నొక్కితే సిగ్నల్ వెళ్తుంది, దాన్ని అందుకున్న ఫంక్షన్ అనే కోడ్ ముక్క టోకెన్ ప్రింట్ చేస్తుంది. అక్కడ టోకెన్లిచ్చేది నా పాత విద్యార్థిని రత్నకుమారి. మనిషికి మూడేసి టోకెన్లు వస్తున్నాయనీ, ఇవాళ కూడా అంతే అయితే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతానని డాక్టరుగారు అన్నారనీ పొద్దున్నే ఫోన్లో ఏడ్చింది. ఒక్కసారే నొక్కమన్నానుగా అని కసిరి, బయల్దేరాను.

రాజమండ్రిలో ఏడింటికి బస్సు దొరికింది. మండపేట మీదుగా గంటన్నర. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు చూపించాలి. కండక్టరు నా ఒళ్లో ల్యాప్‌టాప్ చూసి, "మనవడిదాండీ మామ్మగారూ?" అన్నాడు.

"నాదే. వాడికిస్తే పాడుచేస్తాడు."

మండపేట దాకా మళ్లీ నా జోలికి రాలేదు.

ఆసుపత్రి తెరిచేది పదింటికి. బస్టాండు దగ్గర హోటల్లో నలభై రూపాయల పెసరట్టు చెప్పాను. జనం కిటకిటలాడుతున్నారు. వడ్డించే ఆయన అటు తిరిగి ఉండగానే "వస్తోందండి" అన్నాడు. అట్టుకి పావుగంట పట్టింది. అయినా నేను రెండోసారి పిలవలేదు. పిలవాలనిపించలేదు.

అట్టు సగంలో ఉండగా తట్టింది. నా బటన్ ఏమీ అనదు. ప్రింటరు కదిలేదాకా విండో బిగుసుకుపోతుంది. వినపడలేదేమోనని రత్నకుమారి మళ్లీ నొక్కుతుంది. ఆ నొక్కులన్నీ వరసలో నిలబడి, ఒక్కొక్కటీ ఒక్కో టోకెన్ తెస్తుంది. తప్పు దాని వేలిది కాదు.

కాఫీ చల్లారేలోగా ప్రింటింగ్ పనిని వేరే థ్రెడ్‌కి, అంటే విండోని ఆపకుండా వెనకాల విడిగా నడిచే దారికి, అప్పగించాను. నొక్కగానే బటన్ మీద ‘వస్తోందండి’ అని పడుతుంది, ఇక నొక్కుడు పడదు. పని ముగిసిందన్న సిగ్నల్ అందాకే మళ్లీ తెరుచుకుంటుంది.

పదింటికి ఆసుపత్రి తెరవగానే దాన్ని అక్కడి కంప్యూటర్లో ఎక్కించాను. మొదటి పేషెంటు వచ్చాడు. రత్నకుమారి నొక్కింది. అలవాటుగా లేచిన వేలు, ఆ మాట చదివి ఆగింది. ఒక్కటే టోకెన్ వచ్చింది.

"ఇదివరకు పలికేది కాదండి టీచరుగారూ," అంది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థికీ చెప్పని మాట.

ఒంటిగంట దాకా సలహాలివ్వకుండా దాని పక్కనే కూర్చున్నాను. అప్పుడు డాక్టరుగారు బయటికొచ్చి ఆఖరి టోకెన్ అంకె చూశారు, రిజిస్టరులో పేషెంట్ల లెక్క చూశారు. రెండూ ఒక్కటే. "రేపు తొమ్మిదిన్నరకే వచ్చెయ్యమ్మా," అని రత్నకుమారితో అని భోజనానికి వెళ్లారు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు, కాలవ గట్టు గాలి. పనైపోయిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? నోరున్న మనుషులే ఒక్కోసారి పలకరు, పెట్టెకి మాత్రం మర్యాద నేర్పగలిగాను. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క సలహా: ప్రోగ్రాం అప్పగించే ముందు, వాడే మనిషి పక్కన గంటసేపు నోరు మూసుకుని కూర్చోండి. నాకు కష్టమైంది అదే.