పూజలో పెట్టిన రివాల్వర్

ఆ సినిమాలో తుపాకి పట్టని పాత్ర నాదొక్కటే. ముఖ్యమంత్రిని చంపించడానికి ఆయన మంత్రివర్గంలోని మనిషే కుట్ర పన్నుతాడు. ఆ మంత్రిగారికి నేను సెక్రటరీని. కుట్ర సంగతి తెలిశాక కూడా ఆయన్ని నమ్మి, చివరికి ఆయన చేతిలోనే నుదుటి మీద గుండు తిని పోతాను. వినడానికి దిక్కుమాలిన వేషంలాగే ఉంటుంది. కానీ అప్పటిదాకా సినిమాల్లో కాఫీ ట్రే పట్టుకుని నిలబడటం, కారు తలుపు తీయడం తప్ప ఎరగనివాడికి, చచ్చేముందు మొహం తెర నిండా చూపిస్తామంటే అంతకన్నా ఏం కావాలి? ఆఫీసుకి సెలవు పెట్టి మధురానగర్ నుంచి స్కూటరు మీద జూబ్లీహిల్స్ ఎక్కేవాణ్ణి. ఇంట్లో అద్దం ముందు చావడం సాధన చేస్తుంటే మా ఆవిడ విసుక్కునేది.

షూటింగు కిరాయికి తీసుకున్న ఒక బంగళాలో. చుట్టుపక్కల కొత్త ఇళ్ల పునాదుల కోసం బండలు పేలుస్తుండేవారు. ఉండుండి దభేలుమని శబ్దం, కిటికీ అద్దాల అదురు. మొదట్లో ఉలిక్కిపడ్డాం, తర్వాత మానేశాం. మా తుపాకులకు మాత్రం చప్పుడే లేదు. చాలావరకు చెక్కవి, నల్లరంగు కొట్టినవి. పేలిన శబ్దం తర్వాత మద్రాసులో కలుపుతారు. పేరుమోసిన విలన్లు చెక్కముక్క నొక్కి, చెయ్యి వాళ్లంతట వాళ్లే వెనక్కి విదిలించుకుంటుంటే నాకు నవ్వాగేది కాదు.

అసలుది ఒక్కటుండేది. అది నిర్మాతగారిది. కోస్తాలో కాంట్రాక్టులు చేసి ఇక్కడికొచ్చిన మనిషి, లైసెన్సు ఉంది. కూర్చోగానే నడుము దగ్గర్నుంచి తీసి కాఫీ కప్పు పక్కన పెట్టేవాడు. అంతవరకూ సాగుతున్న కబుర్లు కాస్త సన్నగిల్లేవి. అది ఆయనకెందుకు అవసరమో ఎవరూ అడగలేదు. మంత్రి వేషం వేస్తున్న పెద్ద నటుడికి దాని మీద మహా మోజు. చేతిలోకి తీసుకుని, "బరువుంటే నటన దానంతటదే వస్తుందయ్యా" అనేవాడు. నేను మాత్రం కుర్చీ కాస్త దూరంగా జరుపుకునేవాణ్ణి.

మహర్నవమికి ఆయుధపూజ చేశారు. కెమెరాకి, లైట్లకి, జనరేటర్ వ్యానుకి అన్నిటికీ పసుపూ కుంకుమా. మాది తుపాకుల సినిమా కాబట్టి డమ్మీలన్నీ హాల్లో ఎర్రగుడ్డ మీద పేర్చారు. "మనదీ ఆయుధమేగా, పెట్టండి" అంటూ నిర్మాతగారు తన రివాల్వరు కూడా వాటి మధ్యన పెట్టాడు. సాయంత్రం విమానానికి మద్రాసు బయల్దేరుతూ దాన్ని తీసుకోబోతే, పూజలో పెట్టినది మర్నాటిదాకా కదపకూడదన్నారు పంతులుగారు. నిర్మాతగారు చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

విజయదశమి పొద్దున, మంచిరోజు కాబట్టి ఒక్క షాటైనా తీయాలన్నారు. సిద్ధంగా ఉన్నది నా చావే. పెద్ద నటుడు నేరుగా ఎర్రగుడ్డ దగ్గరికెళ్లి, కుంకుమ బొట్లతో ఉన్న రివాల్వరు తీసుకున్నాడు.

"అసలుది కదండీ అది" అన్నాను.

"పూజ చేసింది, సినిమాకి మంచిది. అయినా పూజకి గుళ్లతో పెడతారా ఏమిటి?" అని నవ్వాడు.

దర్శకుడూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నోరెత్తితే వేషం ఏమవుతుందోనని ఊరుకున్నాను. రిహార్సల్లో చల్లటి ఇనుము నుదుటికి ఆనింది. కుంకుమ రాలి ముక్కు మీద పడింది. ట్రిగ్గరు టేకులోనే నొక్కుతానన్నాడాయన.

సరిగ్గా అప్పుడు నిర్మాతగారి భార్య ప్రసాదం గిన్నెలతో వచ్చింది. నన్ను మోకాళ్ల మీద చూసి ఆగిపోయింది.

"ఇదేంటి బాబూ, పండగపూట మొదటి షాటు చావా? ఇవాళ ఈ సినిమాలో ఎవరూ చావడానికి వీల్లేదు" అంది దర్శకుడితో.

ఆయన పళ్లు కొరుక్కున్నాడు. నా క్లోజప్పు పోయిందని నేను లోలోపల ఆవిణ్ణి తిట్టుకున్నాను. అప్పటికప్పుడు షాటు మార్చారు. మంత్రి కోపంతో గోడ మీది ముఖ్యమంత్రి ఫొటోకి గురిపెట్టి ట్రిగ్గరు నొక్కుతాడు.

నొక్కాడు. చెవులు గింగురుమన్నాయి. ఫొటో అద్దం జలజలా రాలింది, వెనక గోడ పెచ్చు ఊడింది. ఇదేదో ఏర్పాటనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. తుపాకిమందు వాసన వచ్చాక ఆ చప్పట్లు ఆగాయి. పేలిన అదురుకి పెద్ద నటుడి చెయ్యి దానంతటదే భుజందాకా వెనక్కి ఎగిరిపోయి ఉంది. ఈసారి విదిలించుకోమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

గేటు దగ్గరి వాచ్‌మన్ లోపలికి తొంగిచూశాడు. "ఏంది సార్, పండుగనాడు గూడ బండలు పేలుస్తున్నరా?"

"అవును" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. జరిగిన విచారణ అంతే. తలుపులు వేయించి, ఈ మాట బయటికి పొక్కకూడదని మా అందరికీ చెప్పాడు. పొక్కలేదు. గోడ మీద చిల్లుకి ఇంకో ఫొటో అడ్డం పెట్టారు. కుట్ర సినిమా తీస్తున్నవాళ్లం, అసలు కుట్ర ఇంత తేలికా అనిపించి నాకు ఆ రోజు నిజంగా భయం వేసింది.

మర్నాడు నన్ను చంపారు. చెక్క తుపాకే. ఒకసారి నా చేతికివ్వమని అడిగాను.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు పెద్ద నటుడు. నొచ్చుకున్నాడు.

ఉందన్నాను. షాటులో నేను చేయాల్సిందీ అదే. తుపాకి ఎదురుగా ఉన్నా ఆ మనిషి కళ్లలోకి నమ్మకంగా చూడాలి. ఆ చెక్కముక్క నుదుటికి తగలగానే నా కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ తీశారు, మళ్లీ మూసుకుపోయాయి. ఎన్ని టేకులైనా అంతే. ఫిల్ము తగలేస్తున్నానని దర్శకుడు తిట్టి, చివరికి విసుగెత్తి కెమెరాని నా వీపు వెనక్కి మార్పించాడు.

విడుదలయ్యాక మా ఆవిడతో చూశాను. ఆ సీను రాగానే ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. తెర మీద నా తల వెనకభాగం, దాని మీదుగా మంత్రి మొహం, మద్రాసులో కలిపిన శబ్దం. నేను పడిపోయాను.

"మీ మొహం చూపించలేదేమండీ?" అంది.

అప్పటిదాకా ఇంట్లో చెప్పని సంగతి, ఆ చీకట్లో ఆవిడ చెవి దగ్గర మొదట్నుంచీ చెప్పాను. ఆవిడ జ్వరం చూసినట్టు అరచెయ్యి నా నుదుటి మీద పెట్టింది. సినిమా అయిపోయి జనం లేచేదాకా తీయలేదు.