నోరు మూసుకున్న శనివారం

ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లాలో మా ఫుట్‌బాల్ క్లబ్బు క్యాంటీన్ నడిపేది నేనే. పదేళ్ళుగా ఉల్లిపాయలు వేయిస్తూ ఆ మైదానాన్ని చూస్తున్నాను. బ్లగోయా బాబాయ్ స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. భార్య మెంకా పోయాక ఇంట్లో రేడియో తప్ప పలికే దిక్కు లేదు. మా క్లబ్బు పిల్లలకి కోచ్ ఆయనే. మంగళ, గురువారాలు ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. మిగతా నాలుగు రోజుల మాటలు కూడా ఆ మూడు రోజుల్లోనే మాట్లాడేసేవాడు.

పదకొండేళ్ళ పిల్లలకి ఆయన నేర్పేది ఒకటే. బంతి అందేలోపే భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలి. ముందు దారి ఉంటే ముందుకివ్వాలి. లేకపోతే వెనక్కి, గోల్ దగ్గర కాపలా ఉండే గోలీకైనా సరే. బంతి మాత్రం మన దగ్గరే ఉండాలి.

"అది బాంబు కాదురా ఇలియా, బంతి! అంత తొందరగా వదిలించుకుంటావేం?"

"మా నాన్న కొట్టెయ్యమంటున్నాడు తాతా!"

"అయితే మీ నాన్ననే వచ్చి ఆడమను."

ప్రాక్టీసులో చక్కగా ఆడేవాళ్ళు. శనివారం వచ్చేసరికి గీత పక్కన తండ్రులంతా "కొట్టెయ్! దూరంగా కొట్టెయ్!" అని గొంతులు చించుకునేవారు. పిల్లలు హడలిపోయి గాల్లోకి తన్నేవారు, బంతి అవతలివాళ్ళకి పోయేది. బాబాయ్ వాళ్ళకంటే గట్టిగా అరిచేవాడు. వరసగా ఆరు మ్యాచ్‌లు పోయాయి.

క్లబ్బు ప్రెసిడెంటు రిస్టో నా కౌంటర్ దగ్గరే ఆయనతో చెప్పేశాడు. "కోచింగ్ సర్టిఫికెట్ ఉన్న కుర్రాడు దొరికాడు బాబాయ్. ఈ శనివారం ఆట చూసి నిన్ను ఉంచాలో వద్దో తేలుస్తాం."

ఆ శనివారం లీగ్ వాళ్ళ మౌనం రోజు. ఏడాదికోసారి కోచ్‌లు, తల్లిదండ్రులు ఎవరూ నోరెత్తకూడదు, చప్పట్లు మాత్రం కొట్టొచ్చు. నోళ్ళు ఊరుకోవని తలా ఒక లాలీపాప్ ఇస్తారు. బట్టతలల పెద్దమనుషులు పుల్లలు చీకుతూ నిలబడటం చూస్తే నాకు నవ్వాగలేదు.

"ఖర్మ చూడమ్మాయ్," అన్నాడు బాబాయ్. "ఇవాళే నా నోరు కుట్టెయ్యాలా!"

మొదట్లో చేతులతో సైగలు చేశాడు. రిఫరీ వేలు చూపించేసరికి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మైదానంలో పిల్లల మాటలు తప్ప ఇంకేం వినిపించడం లేదు. ఇలియాకి బంతి వస్తోంది. భుజం మీదుగా చూశాడు. వెనక అవతలి జట్టువాళ్ళు ఇద్దరున్నారు. నెమ్మదిగా గోలీకిచ్చేశాడు. వాళ్ళ నాన్న లాలీపాప్‌ని పటుక్కున కొరికాడు. గోలీ మైదానం రెండో పక్కనున్న మావాడికిచ్చాడు, అక్కణ్ణించి మధ్యలో ఉన్న పిల్లకి, ఆ పిల్ల గిరుక్కున తిరిగి ముందుకి. గోల్! మూడు గోల్స్‌కి ఒకటితో గెలిచారు. బాబాయ్ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆట అయ్యాక కమిటీ అంతా నా కౌంటర్ చుట్టూ చేరింది. రిస్టో అన్నాడు: "చూశారా? ఆయన అరవకపోతే పిల్లలు ఎంత బాగా ఆడారో! లోపం ఆయన కేకల్లోనే ఉంది."

లోపం తండ్రుల కేకల్లో ఉందని నాకు తెలుసు. పిల్లలు ఆడింది అచ్చంగా బాబాయ్ నేర్పిన ఆటేనని కూడా తెలుసు. కమిటీలో నాకూ ఒక ఓటుంది. ఎదురుగా ఇలియా నాన్న నన్నే చూస్తూ నిలబడ్డాడు. బాబాయ్‌ని తీసెయ్యాలని అందరూ చేతులెత్తారు, వాళ్ళతో పాటు నేనూ ఎత్తాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రిస్టో వెళ్ళి చెప్తే బాబాయ్ బంతుల సంచి అతని చేతికిచ్చేశాడు. ఇలియా పరిగెత్తుకుంటూ వచ్చి "తాతా, వెనక్కిచ్చాను, చూశావా?" అన్నాడు. "చూశాన్రా, బంగారంలా ఇచ్చావు," అని వాడి తల నిమిరాడు.

తర్వాత నా దగ్గరికొచ్చి కాఫీ అడిగాడు. "నేను చెప్పకుండానే ఆడారమ్మాయ్. వాళ్ళకి వచ్చేసింది," అని నవ్వాడు. కప్పు పట్టుకుని మైదానం వైపు తిరిగాడు. "మంగళవారం ఎవరితో మాట్లాడను?"

"ఇక్కడికి రా బాబాయ్. నాతో మాట్లాడు."

"నీకు ఆట తెలియదు కదమ్మా," అన్నాడు.

తెలుసని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.