ఆఖరిదాకా విన్న మాట

ఇరవై ఏళ్ల కిందట పాడేరు నుంచి విశాఖ వెళ్లే బస్సులో నేనొక సీట్లో, నా భార్య వెనక సీట్లో కూర్చున్నాం. కుటుంబ సలహా కేంద్రంలో ఆమె మీద ఏమేం చెప్పాలో లోపల్లోపల వల్లిస్తూ, ఆగకుండా కాలు ఊపుతున్నాను. పసుపు మూటతో నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

“ఏటయింది బాబూ?”

చెప్పాను.

“మేమూ ఆ కేంద్రానికి ఎల్లినాం. అక్కడి మేడమ్మ నన్ను ఊరుకోమని, మా ఆయన్ని సెప్పమంది. అప్పటికి పదేళ్ల కాపరంలో ఆయన మాట నాను ఆకరిదాకా ఇన్నది ఆ రోజే.”

ఘాట్ రోడ్డు దాటాక ఆవిడ దిగిపోయింది.

ముందు ఎవరు చెబుతారని కేంద్రంలో మేడమ్ అడిగింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, నా భార్యను చెప్పమన్నాను. ఆమె గంటసేపు చెప్పింది. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా, ఆమె చెప్పినదాంట్లో సగం నాకు అంతవరకూ తెలియదు.