మజ్జిగ గ్లాసు లాక్కున్న కోటేష్

దర్శి దగ్గర పల్లెలో కోటేష్ ఆటోకి హారన్ దండగ అనేవారు. మిరపకోతల రోజుల్లో అతను సందు మొదట్లో నిలబడి "రండమ్మో, పొద్దెక్కుతోంది!" అని ఒక్క కేక వేస్తే చాలు, మూడు వీధుల ఆడకూలీలు క్యారేజీలు పట్టుకుని వచ్చి ఎక్కేవారు. అతను నవ్వినా, తిట్టినా ఊరంతటికీ వినపడాల్సిందే.

భార్య శ్రీదివ్య ఇంట్లో జాకెట్లు కుట్టేది. రెండేళ్ల కిందట, ఇదీ కారణం అని చెప్పడానికి లేకుండా, ఆమెకి గుండెదడ మొదలైంది. బస్సెక్కితే చేతులు వణికేవి. పోను పోను వీధి గుమ్మం దాటడమే మానేసింది. గుండె పరీక్షల్లో ఏమీ తేలలేదు. కోటేష్ తన ఆటోలోనే ఒంగోలు తీసుకెళితే, అక్కడి మానసిక వైద్యురాలు ఆందోళన, డిప్రెషన్ రెండూ ఉన్నాయని చెప్పి మాత్రలు రాసిచ్చింది.

దివ్య ఆ మాత్రల అట్ట విప్పలేదు.

"మా పెద్దమ్మ ఇలాంటివే మింగి పగలంతా పడి నిద్రపోయేది. ఊరంతా పిచ్చిది అనేవాళ్లు. నన్నూ అనాలా?"

"నీకేం తక్కువైందే? తిండి లేదా, బట్ట లేదా?" అని కోటేష్ కేకలేశాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని రెండు రోజులు లేవలేదు. తన గొంతుకి ఇంట్లో మనిషి ఉలిక్కిపడుతోందని అతనికి అప్పుడు తెలిసొచ్చింది. నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకున్నాడు. మొదటి వారం అతని గుసగుసలు కూడా పక్కింటికి వినపడేవట.

ఆ పక్కింటి రాజ్యం పిన్నే ఉపాయం చెప్పింది. "ఒరేయ్, మజ్జిగలో కలిపిచ్చెయ్. దానికేం తెలుస్తుంది?"

ఆ మధ్యాహ్నం అతను మాత్ర నూరి కలిపాడు. ఉప్పు, అల్లం, కరివేపాకు కూడా వేశాడు. దివ్య చెయ్యి చాపి, గ్లాసులోకి చూడనైనా చూడకుండా పెదవుల దగ్గరికి తీసుకెళ్లింది. అలా చూడకుండా తీసుకోవడమే కోటేష్‌కి గుండెలో కలుక్కుమనిపించింది.

"తాగొద్దు!" అని గ్లాసు లాగేశాడు. సగం మజ్జిగ గోడ మీద, సగం అతని మొహం మీద పడింది.

"ఏముంది దాన్లో?"

"మాత్ర. నేనే కలిపా."

"గేదెకి పట్టినట్టు నాకు మందు పడతారా?"

"తప్పే. ఇంకెప్పుడూ చెయ్యను. వేసుకో, మానుకో, నీ ఇష్టం. నేను మాత్రం నీ దగ్గరే ఉంటా."

కోపంగా చూస్తున్న దివ్య కళ్లు అతని మీసం మీద ఆగాయి. అక్కడ కరివేపాకు రెబ్బ వేలాడుతోంది. నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. ఎనిమిది నెలల్లో అదే మొదటి నవ్వు. కోటేష్ మీసం తుడుచుకోకుండా అలాగే నిలబడిపోయాడు.

మూడోరోజు ఆమే అంది, "ఆ డాక్టరమ్మని కొన్ని అడగాలి. రాయండి."

పాత శుభలేఖ వెనకాల అతను రాశాడు. నిద్రమత్తు వస్తుందా? జీవితాంతం వేసుకోవాలా? నేను నాలాగే ఉంటానా? మూడోది రాసేటప్పుడు అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

డాక్టరమ్మ తొందరపడకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. "తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. కొందరికి మొదట్లో వికారంగా, మత్తుగా ఉంటుంది. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఎన్నాళ్లు వాడాలో చూసుకుంటూ నిర్ణయిద్దాం, మీ అంతట మీరు మానొద్దు. మీరు మీలాగే ఉండటానికేనమ్మా ఈ మందు. ఇప్పుడే వద్దంటే ముందు కౌన్సెలింగ్‌తో మొదలుపెడదాం."

దివ్య వారం వారం కోటేష్ ఆటోలో కౌన్సెలింగ్‌కి వెళ్లింది. పొద్దున్నే ఇద్దరూ చేల మధ్య డొంకలో నడిచేవారు. నడవలేని రోజు అరుగు మీద ఊరికే కూర్చునేవారు. ఆరు వారాల తర్వాత, "మాటలు సాయం చేస్తున్నాయి. కానీ లేచేటప్పటి బరువు దిగట్లేదు" అని, డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పి, తన చేత్తోనే కొత్త అట్ట విప్పింది.

మొదటి వారం ఏదీ సయించలేదు. కోటేష్ చారు కాయడం నేర్చుకుని రెండు గిన్నెలు మాడ్చాడు. నెల దాటాక ఒక మధ్యాహ్నం దివ్య ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "ఇదేం పచ్చడండీ, కారమే లేదు?"

కోటేష్ వీధిలోకి పరిగెత్తాడు. "పిన్నీ! మా దివ్య కారం అడిగింది!"

ఇప్పటికీ బాగోలేని రోజులు వస్తుంటాయి. మాత్రలూ నడుస్తున్నాయి. అయినా మొన్న కార్తీకంలో కూలీలంతా కొత్తపట్నం సముద్రస్నానానికి బయల్దేరితే, "నేనూ బస్సులోనే వస్తా" అంది. ఒంగోలు దాకా అతని చెయ్యి వదల్లేదు. కౌన్సెలింగ్‌లో నేర్పినట్టు ఊపిరి లెక్కపెడుతుంటే అతను ఏడు తర్వాత తొమ్మిది అన్నాడు. ఆమే దిద్దింది.

సముద్రం కనపడగానే దివ్య కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరిగెత్తింది. మొదటి అల నడుం దాకా తడిపేసింది. చెప్పులకి కాపలాగా కూర్చున్న రాజ్యం పిన్నిని కూడా లాక్కుపోయింది. కోటేష్ మాత్రం పొడి ఇసకలోనే నిలబడ్డాడు.

"రండి!"

"నాకు నీళ్లంటే భయమే."

"చెయ్యి పట్టుకుంటాగా, రండి."

తర్వాతి అలకి ముగ్గురూ కలిసి పడ్డారు.